ఇల్లు వేలానికి వెళ్ళకముందే

2024లో రమజాన్ పండుగ వెళ్ళిన రెండవ శుక్రవారం. చీరాలలో బట్టల దుకాణం నడిపే నా మేనల్లుడు జుమా నమాజు ముగించుకొని ఇంటికి వచ్చేసరికి వీధి తలుపు మీద బ్యాంకు వారు అంటించి వెళ్ళిన కాగితం ఉంది. మసీదు నుంచి అదే దారిన వచ్చిన ఇరుగుపొరుగు వారు అతనికంటే ముందే దానిని చదివారు. అతను తల వంచుకొని లోపలికి వెళ్ళి సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మగ్రిబ్ తరువాత మా అక్కయ్య నాకు ఫోన్ చేసింది. "వీడు ఏమీ చెప్పడం లేదు. నువ్వు ఒకసారి రా" అని మాత్రం అన్నది.

మరునాడు వెళ్ళాను. చాలాసేపు మౌనంగా కూర్చున్న తరువాత అతను అల్మారా తెరిచి, మడత బట్టల అడుగు నుంచి బ్యాంకు కవర్లు తీసి నా ముందు పెట్టాడు. మొత్తం ఏడు. వాటిలో నాలుగింటిని విప్పనే లేదు. విప్పని వాటిలో ఒకటి అంతకుముందు డిసెంబరులో రిజిస్టరు పోస్టులో వచ్చింది. అది అరవై రోజుల నోటీసు. "చదివితే భయం వేస్తుంది మామూ, అందుకే పెట్టేశాను" అన్నాడు. దుకాణంలో గజం బట్ట లెక్క తప్పనివ్వని మనిషి, తన ఇంటి లెక్కను నాలుగు నెలలు అల్మారాలో దాచిపెట్టాడు.

అతని అనుమతితోనే ఈ సంగతులు రాస్తున్నాను. పేర్లు రాయను, బ్యాంకు పేరూ రాయను. ఇటువంటి కవర్లు దాచిన అల్మారాలు మన ఇళ్ళలో ఇంకా ఎన్నో ఉన్నాయని తెలిసినందువల్లనే ఇది రాయవలసి వచ్చింది.

అప్పు కథ చాలా మామూలుది. 2017లో ఇల్లు కొనడానికి 32 లక్షలు తీసుకున్నాడు. 2019లో పై అంతస్తు వేయడానికి, దుకాణంలో సరుకు నింపడానికి అదే ఇంటిపై మరో 11 లక్షలు తీసుకున్నాడు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణం మూతపడింది. రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా ఇచ్చిన మారటోరియంలో కిస్తీలు ఆగాయే గాని వడ్డీ ఆగలేదు. తరువాత రెండేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చాడు. మా బావగారి గుండె ఆపరేషనుతో ఆ శక్తి కూడా పోయింది. 2023 జూన్ నుంచి కిస్తీ కట్టలేదు. తలుపు మీది కాగితంలో రాసిన మొత్తం 41 లక్షల 60 వేలు.

వడ్డీ గురించి ఈ పత్రిక పాఠకులకు నేను కొత్తగా చెప్పవలసింది లేదు. అది నిషిద్ధం. ఆ రుణం తీసుకోవడం తప్పు అని నా మేనల్లుడికీ తెలుసు, దానికి అతను అల్లాహ్ ముందు పశ్చాత్తాపం చెందుతున్నాడు కూడా. నాకు బాధ కలిగించిన సంగతి మరొకటి ఉంది. కాగితం అంటించిన నాటి నుంచి అతని వద్దకు వచ్చిన వారిలో ఎక్కువ మంది ఆ ఒక్క మాటే చెప్పి వెళ్ళిపోయారు. నీట మునుగుతున్న వాడికి ఒడ్డున నిలబడి ఈత నేర్చుకోవలసిందని బోధించడం ఏ పాటి హితవు? వడ్డీని అసహ్యించుకునే ధర్మమే, అప్పుపడి చితికిపోయిన వారిని జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో ఒకటిగా చేర్చింది. రుణగ్రస్తుడు కష్టంలో ఉంటే వెసులుబాటు కలిగే వరకు గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే అది మరింత మేలని సూరె బఖరా 280వ ఆయతు బోధిస్తుంది. వడ్డీని గట్టిగా ఖండించిన ఆయతుల పక్కనే ఆ ఆయతు ఉండడం గమనించదగిన విషయం.

కాగితం వెనుక ఉన్న చట్టం

కిస్తీ 90 రోజులకు మించి బాకీ పడితే బ్యాంకు ఆ ఖాతాను మొండి బకాయిగా లెక్కిస్తుంది. ఆ తరువాత సాధారణంగా ఆశ్రయించేది 2002 నాటి సర్ఫేసీ చట్టాన్ని. కోర్టులో దావా వేయకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకొని అమ్ముకునే అధికారం ఆ చట్టం బ్యాంకుకు ఇస్తుంది. వ్యవసాయ భూమికి అది వర్తించదు.

మొదటి మెట్టు సెక్షన్ 13(2) నోటీసు. మొత్తం బాకీ చెల్లించడానికి అరవై రోజుల గడువు ఇస్తుంది. ఆ లోగా రుణగ్రహీత తన అభ్యంతరాన్నో విన్నపాన్నో లిఖితపూర్వకంగా ఇవ్వవచ్చు. ఇస్తే బ్యాంకు 15 రోజులలో జవాబు చెప్పి తీరాలి. గడువు దాటితే సెక్షన్ 13(4) కింద స్వాధీనం. తొలుత అది లాంఛనప్రాయమే. తలుపు మీద నోటీసు అంటిస్తారు, ఏడు రోజుల లోపు రెండు దినపత్రికలలో ప్రకటిస్తారు, వాటిలో ఒకటి స్థానిక భాషా పత్రికై ఉండాలి. ఇంటి నుంచి మనుషులను ఖాళీ చేయించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాలి. చివరి మెట్టు వేలం. మొదటిసారి అమ్మకానికి ముప్పై రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలి. బ్యాంకు చర్య చట్టవిరుద్ధమని భావించేవారు 45 రోజులలోగా రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. మన తెలుగు ప్రాంతంలో హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఈ ట్రిబ్యునళ్ళు ఉన్నాయి.

ఇవన్నీ వకీలు చెబుతారు. గృహస్థు స్వయంగా గుర్తుంచుకోవలసిన విషయాలు నా దృష్టిలో రెండు.

ఒకటి, వేలం నోటీసు ప్రచురితమయ్యే తేదీ. బాకీ అంతా చెల్లించి ఇల్లు విడిపించుకునే హక్కు ఆ తేదీకి ముందు దాకానే ఉంటుంది. పూర్వం వేలం పూర్తయ్యే దాకా ఆ హక్కు ఉండేది. 2016లో చట్టాన్ని సవరించి ముందుకు జరిపారు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని నిర్ద్వంద్వంగా చెప్పింది. వేలం రోజున డబ్బు తీసుకువెళ్ళి నిలబడతాను అనుకునేవారు చాలామంది ఉన్నారు. అప్పటికి హక్కు పోయి ఉంటుంది.

రెండవది, అరవై రోజుల నోటీసు అందిన తరువాత బ్యాంకు లిఖితపూర్వక సమ్మతి లేకుండా ఆ ఇంటిని అమ్మడానికి గాని అద్దెకు ఇవ్వడానికి గాని వీలులేదు. ఈ సంగతి తెలియక, ఎవరికో అగ్రిమెంటు రాసి బయానా తీసుకొని, దానిని తిరిగి ఇవ్వలేక రెండవ అప్పులో పడినవారు ఉన్నారు. తాకట్టు సంగతి దాచి బయానా తీసుకోవడం చట్టరీత్యా తప్పు. వస్తువులోని లోపాన్ని దాచి అమ్మడాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు కనుక ధర్మరీత్యా కూడా తప్పే.

ఈ రెండింటి నడుమ ఉన్న కాలమే మన చేతిలోని కాలం. నోటీసు అందినది మొదలు వేలం ప్రకటన వెలువడే వరకు, బ్యాంకు సమ్మతితో, ఇంటిని మనమే అమ్మవచ్చు.

వేలంలో ఇల్లు ఎందుకు చౌకగా పోతుందో కొనేవారి వైపు నుంచి ఆలోచిస్తే తెలుస్తుంది. ఇంట్లో ఇంకా మనుషులు ఉన్నారేమో తెలియదు, లోపలి గదులు తీరిగ్గా చూసే అవకాశం ఉండదు, వ్యాజ్యం వస్తుందేమోనన్న అనుమానం ఉంటుంది. పాట గెలిచినవారు ధరలో నాలుగవ వంతు వెంటనే, మిగిలినది మామూలుగా 15 రోజులలో కట్టాలి. అంత నగదు సిద్ధంగా ఉన్నవారు కొద్దిమందే, వారికి తొందర ఉండదు. వేలంలో వచ్చినది బాకీకి చాలకపోతే మిగిలిన దానికోసం బ్యాంకు రుణగ్రహీతపైనా జామీనుదారులపైనా చర్య తీసుకోవచ్చు. ఇల్లు పోయింది కదా, అప్పు కూడా పోయింది అనుకోవడం పొరపాటు. బాకీ కంటే ఎక్కువ వస్తే, ఖర్చులు పోను మిగులు రుణగ్రహీతదే. అది అడిగి తీసుకోవాలని చాలామందికి తెలియదు.

తక్కువకు అమ్మి అప్పు ముగించడం

నా మేనల్లుడి చిక్కు వేరు. ఇంటి ధరే బాకీకి చాలడం లేదు. పై అంతస్తుకు ప్లాను అనుమతి లేదు కనుక బ్యాంకు రుణంతో కొనేవారు వెనుకాడుతున్నారు. సందు ఇరుకు. అన్నిటికీ మించి తలుపు మీది కాగితం ఊరంతా తెలిసింది. డిసెంబరులో 43 లక్షలకు అడిగి ఉండేవారని ఒక మధ్యవర్తి అన్నాడు. అదే నిజమైతే కవరు విప్పిన వారంలోనే అమ్మి, బాకీ అంతా తీర్చి బయటపడేవాడు. మేలో అదే ఇంటికి 38 కంటే పైకి ఎవరూ పలకలేదు.

ఇటువంటి స్థితికి అమెరికాలో ఒక పేరే ఉంది, షార్ట్ సేల్ అంటారు. బాకీ కంటే తక్కువ ధరకు ఇంటిని అమ్మడానికి రుణదాత ముందుగా అంగీకరించి, వచ్చిన సొమ్ము తీసుకొని తాకట్టు విడుదల చేయడం. 2007 ప్రాంతంలో అక్కడ ఇళ్ళ ధరలు కూలినప్పుడు బాకీ కంటే ఇంటి విలువ తక్కువైన కుటుంబాలు లక్షల సంఖ్యలో ఇబ్బంది పడ్డాయి. 2010లో అక్కడి ప్రభుత్వం ఈ పద్ధతిని ప్రోత్సహించే ఒక పథకాన్ని కూడా అమలు చేసింది. మాఫీ అయిన అప్పును ఆదాయంగా లెక్కించి పన్ను వేసే చిక్కు ఉన్నందున 2007లోనే దానికి ప్రత్యేక మినహాయింపు చట్టం తెచ్చారు. అక్కడ స్థిరపడిన మన పిల్లలలో ఎవరికైనా ఈ అవసరం పడితే వారు చూసుకోవలసిన మాట ఒకటే ఉంది: మిగిలిన బాకీని రుణదాత వదులుకుంటున్నట్లు ఒప్పందంలో స్పష్టంగా ఉందా? తాకట్టు విడుదల చేయడం వేరు, మిగిలిన బాకీ వదలడం వేరు. ఆ నిబంధన రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది.

మన దేశంలో ఆ పేరుతో ప్రత్యేక విధానం లేదు. కాని అదే పనిని రెండు అంగీకారాలు కలిపి చేయవచ్చు. బ్యాంకుతో ఏకమొత్తపు పరిష్కారం, అంటే వాడుకలో వన్ టైమ్ సెటిల్‌మెంట్, ఒకటి. ఆ మొత్తాన్ని ఇల్లు అమ్మి చెల్లించడానికి బ్యాంకు ఇచ్చే సమ్మతి రెండవది. పరిష్కారం మన హక్కు కాదు. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చి చెప్పింది. ఇది బ్యాంకు విచక్షణ. అందుచేత మన విన్నపం, వేలం కంటే ఇదే మేలని బ్యాంకుకు అనిపించేలా ఉండాలి.

ఈ మాట చెప్పినప్పుడు మా అక్కయ్య ముఖం మ్లానమయింది. "పూర్తిగా ఇవ్వకుండా తగ్గించమని అడగడమా? అప్పు ఎగ్గొట్టినట్లు కాదా?" అన్నది. ఆమె ప్రశ్న న్యాయమైనది. దైవప్రవక్త (సఅసం) ఒక రుణగ్రస్తుని జనాజా నమాజు, అబూ ఖతాదా (రజి) ఆ అప్పుకు బాధ్యత తీసుకునే వరకు చేయించలేదని చిన్ననాటి నుంచి విన్న మనిషి ఆమె. అప్పు అంటే ఆమెకు అంత భయం, ఆ భయం ఉండవలసిందే.

అయితే హదీసు గ్రంథాలలోనే మరో రెండు సంఘటనలు ఉన్నాయి. కఅబ్ బిన్ మాలిక్ (రజి) తనకు రావలసిన బాకీని ఇబ్నె అబీ హద్రద్ (రజి)ను మస్జిదె నబవీలో అడిగారు. మాటలు పెరిగి స్వరాలు లేచాయి. ఇంట్లో ఉన్న దైవప్రవక్త (సఅసం)కు అది వినిపించింది. ఆయన గది తెర తొలగించి, కఅబ్‌ను పిలిచి, సగం తగ్గించమని చేతితో సైగ చేశారు. కఅబ్ అంగీకరించారు. ఆ మరుక్షణమే రుణగ్రస్తుని వైపు తిరిగి, లేచి మిగిలినది చెల్లించమన్నారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఇది ఉంది. రుణదాతను తగ్గించమని కోరడం, తగ్గించిన వెంటనే మిగిలినది కట్టించడం, ఈ రెండూ ఒకే ఘట్టంలో జరిగాయి. మన వాళ్ళు మొదటి సగం గుర్తుంచుకొని రెండవ సగం మరచిపోతుంటారు.

రెండవది అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించినది, సహీహ్ ముస్లింలో ఉంది. ఒక వ్యక్తి పండ్లు కొని నష్టపోయి పెద్ద అప్పులో పడ్డాడు. అతనికి దానం చేయమని దైవప్రవక్త (సఅసం) ప్రజలను కోరారు. వారు ఇచ్చినది అప్పుకు చాలలేదు. అప్పుడు ఆయన రుణదాతలను పిలిచి, దొరికినది తీసుకోండి, మీకు లభించేది అంతే అని తేల్చారు. వ్యాపారంలో దెబ్బతిన్న మనిషిని ఆయన దొంగగా చూడలేదు. అతని కోసం మొదట సమాజాన్ని కదిలించారు, తరువాత రుణదాతలను సమాధానపరచారు. ఉన్నది దాచిపెట్టి లేదనేవాడికి ఈ హదీసు ఆసరా కాదు. స్తోమత ఉండి వాయిదా వేయడం అన్యాయమని ఆయనే అన్నారు.

ఈ సంఘటనలలోని అప్పులు వడ్డీ అప్పులు కావు. బ్యాంకు రుణాన్ని ధర్మసమ్మతం చేయడానికి వీటిని చెప్పడం లేదు. ఇచ్చినవాడు తెలిసి, మోసపోకుండా, ఇష్టపూర్వకంగా తగ్గించుకుంటే మిగిలినది తీరినట్లేనా అన్న అక్కయ్య సందేహానికి వీటిలో జవాబు ఉంది. మా ఊరి మౌలానాగారు కూడా అదే చెప్పారు, ఒక షరతుతో: నీ ఆస్తి ఎంత, ఆదాయం ఎంత అని బ్యాంకు అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పాలి.

బ్యాంకు గదిలో

మేము ఇద్దరం తీసుకువెళ్ళిన విన్నపం రెండు పేజీలది. దానికి దుకాణం లెక్కలు, బావగారి ఆసుపత్రి కాగితాలు, లైసెన్సు పొందిన ఇంజనీరు వేసిన విలువ అంచనా, కొనేందుకు సిద్ధంగా ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి లేఖ జతచేశాము. ఆ ఉపాధ్యాయుడికి పై అంతస్తు సంగతి, నోటీసు సంగతి మొదటి రోజే చెప్పాము. 37 లక్షల 50 వేలు ఇస్తానన్నాడు. నగదు తన పదవీ విరమణ సొమ్ము.

మేనేజరు మొదట మాటే వినలేదు. బాకీ అంతా కడితేనే అన్నాడు. ఆయనను తప్పు పట్టను, తగ్గించే అధికారం ఆయన స్థాయిలో ఉండదు, పైవారికి పంపాలి. వేలంలో కనీస ధర ఎంత పెడతారని అడిగాము. కొంచెం తటపటాయించి, 34 దగ్గర ఉండవచ్చు అన్నాడు. ఆ అంకె తెలిసిన తరువాత మాట నడిచింది. మేము 35 అన్నాము, వారు 39 అన్నారు. అయిదు వారాలు, నాలుగుసార్లు తిరిగాము. చివరకు ప్రాంతీయ కార్యాలయం 37 లక్షలకు ఒప్పుకుంది. పదో వంతు, అంటే 3 లక్షల 70 వేలు, పది రోజులలో. మిగిలినది అరవై రోజులలో.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నోటి మాట మీద ఒక్క రూపాయి కట్టకూడదు. వసూలు ఏజెంట్లు ఇంటికి వచ్చి, ఇప్పుడు ఇంత కట్టండి మిగిలినది మాట్లాడతాము అంటారు. ఆ సొమ్ము వడ్డీలో కలిసిపోతుంది, పరిష్కారంలో కలవదు. (వారు ఉదయం 8కి ముందు గాని, రాత్రి 7 తరువాత గాని ఫోన్ చేయరాదని రిజర్వు బ్యాంకు నియమం. ఇషా వేళ ఫోన్ చేసి ఆడవాళ్ళను బెదిరించిన వ్యక్తికి ఆ నియమం గుర్తు చేస్తే మళ్ళీ చేయలేదు.) బ్యాంకు ఇచ్చే మంజూరు లేఖలో పరిష్కారం మొత్తం, గడువు తేదీలు, ఫలానా వ్యక్తికి అమ్మడానికి సమ్మతి, సొమ్ము అందిన తరువాత రుణగ్రహీతపైనా జామీనుదారుపైనా ఏ బాకీ మిగలదన్న వాక్యం, అంతవరకు వేలం చర్యలు నిలుపుతామన్న హామీ ఉండాలి. మాకు వచ్చిన మొదటి లేఖలో జామీనుదారు మాట లేదు. జామీనుదారు నా మేనల్లుడి తోడల్లుడు. ఆ ఒక్క వాక్యం కోసం మరో వారం ఆగాము. అప్పు వ్యవహారాన్ని కాగితం మీద పెట్టమని ఆదేశించే ఆయతు ఖుర్ఆన్‌లోకెల్లా సుదీర్ఘమైనది కావడం ఊరికే కాదు.

పది రోజులలో కట్టవలసిన 3 లక్షల 70 వేలలో రెండు లక్షలు కొనుగోలుదారు బయానాగా ఇచ్చాడు, చేతికి కాదు, నేరుగా రుణఖాతాకు. కోడలు తన గాజులు అమ్మితే 70 వేలు వచ్చాయి. అవి ఆమె సొత్తు, అడిగే హక్కు ఎవరికీ లేదు, ఎవరూ అడగలేదు కూడా. మిగిలిన లక్షను బంధువులలో నలుగురు ఖర్జె హసనాగా ఇచ్చారు. ఆ నలుగురిలో ఇద్దరు మేము ఊహించినవారు కారు. ఊహించినవారిలో ఒకరు, ఇల్లు తనకే 33కి ఇచ్చేయమని కబురు పంపారు.

రిజిస్ట్రేషన్ రోజున బ్యాంకు అధికారి అసలు దస్తావేజులతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వచ్చాడు. కొనుగోలుదారు 33 లక్షల 30 వేలకు బ్యాంకు పేర డీడీ, మిగిలిన 2 లక్షల 20 వేలకు నా మేనల్లుడి పేర మరొకటి ఇచ్చాడు. రుణం తీసుకునేటప్పుడు దస్తావేజుల తాకట్టు పత్రం రిజిస్టరు అయి ఉంటే, దానిని రద్దు చేసే విడుదల పత్రం కూడా రిజిస్టరు చేయించాలి. లేకపోతే ఎన్నేళ్ళకు ఈసీ తీసినా పాత తాకట్టు కనిపిస్తూనే ఉంటుంది. మేము ముందు విడుదల పత్రం, ఆ వెనువెంటనే విక్రయపత్రం చేయించాము. 2023 డిసెంబరు నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, రుణం ముగిసిన 30 రోజులలోగా బ్యాంకు అసలు పత్రాలను తిరిగి ఇవ్వాలి. తన తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి.

పన్ను సంగతి కూడా ముందే చూసుకోవాలి. అమ్మిన సొమ్మంతా బ్యాంకుకే వెళ్ళింది కదా, మనకు లాభమేమున్నది అనుకుంటారు. ఆదాయపు పన్ను లెక్క అలా ఉండదు. మనం చేసిన తాకట్టు అప్పును తీర్చడం ఖర్చు కింద మినహాయింపు కాదు. కొన్న ధరకు, అమ్మిన ధరకు మధ్య తేడానే చూస్తారు. పాత ఇల్లు చౌకగా కొన్నవారు చేతికి పైసా రాకుండానే పన్ను కట్టవలసి రావచ్చు. నా మేనల్లుడు కొన్నది 40 లక్షలకు కనుక ఆ బాధ లేదు. రుణ చరిత్ర నివేదికలో మాత్రం అతని ఖాతా 'ముగిసింది' అని కాక 'సెటిల్ అయింది' అని నమోదైంది. ఆ మచ్చతో కొన్నేళ్ళపాటు బ్యాంకులు కొత్త రుణం ఇవ్వడానికి వెనుకాడతాయి. అక్కయ్య దానిని మచ్చగా ఒప్పుకోలేదు. బ్యాంకులు అతనికి అప్పు ఇవ్వకపోవడమే దువా ఫలం అన్నది.

అమ్మకం హడావిడిలో నాకు తరచుగా గుర్తుకు వచ్చినవారు హజ్రత్ జుబైర్ (రజి). బుఖారీలో ఆయన అప్పు ఉదంతం విపులంగా ఉంది. ప్రజలు తమ సొమ్ము దాచమని తెస్తే, పోతే వారికి నష్టం కదా అని, దానిని అమానతుగా కాక అప్పుగా తీసుకునేవారు. ఆయన అమరులైనప్పుడు అప్పు 22 లక్షలు తేలింది. చేతిలో నగదు లేదు, భూములూ ఇళ్ళూ ఉన్నాయి. కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) తొందరపడి ఎవరికో ఒకరికి కట్టబెట్టలేదు. తండ్రి 1 లక్షా 70 వేలకు కొన్న గాబా భూమిని వాటాలుగా విభజించి 16 లక్షలకు అమ్మారు. రావలసిన నాలుగు లక్షలు వదిలివేస్తానని ఒక రుణదాత అన్నా అంగీకరించలేదు, తీర్చే ఆస్తి ఉంది కనుక. అప్పులు తీరిన తరువాత కూడా, ఇంకా ఎవరికైనా రావలసింది ఉంటే రమ్మని నాలుగేళ్ళు హజ్ సమయంలో ప్రకటింపజేసి, ఆ తరువాతనే వారసులకు పంచారు. సకాలంలో, ఓపికగా, తామే అమ్మితే ఆస్తి ఎంత ధర పలుకుతుందో అందులో తెలుస్తుంది. మాకు ఆ ఓపికకు వ్యవధి లేకపోయింది.

చేతికి వచ్చిన 2 లక్షల 20 వేలలో అద్దె ఇంటి అడ్వాన్సు, సామాను తరలింపు పోను, మిగిలినది సరుకు ఇచ్చిన వ్యాపారులకు, దుకాణంలో పనిచేసే కుర్రవాడి మూడు నెలల జీతానికి సరిపోయింది. ఇప్పుడు వారు దుకాణానికి రెండు సందుల అవతల చిన్న పోర్షనులో ఉంటున్నారు. ఖర్జె హసనా ఇచ్చిన నలుగురి పేర్లు, మొత్తాలు అక్కయ్య ఒక నోటు పుస్తకంలో రాయించింది. పోయినసారి వెళ్ళినప్పుడు తీసి చూపించింది. రెండు పేర్లు కొట్టివేసి ఉన్నాయి.